పుర్రచెయ్యి

రండి రండి, ముందుకి జరగండి. నిలబడ్డవాళ్ళు కూర్చోండి, కూర్చున్నవాళ్ళు కాళ్ళు దగ్గరికి లాక్కోండి. ఆ మూల ఏమిటా గుసగుసలు? మీ ఇంటి సంగతులు మీ ఇంటికెళ్ళి చెప్పుకోండి. నేను చెప్పబోయేది వెంట్రుకంత తీగ గురించి. మామూలు వెంట్రుక కాదు, పసిపిల్ల కనురెప్ప మీది వెంట్రుక. మీరు గట్టిగా దగ్గితే ఎగిరిపోతుంది. అది ఎగిరిపోతే కథ లేదు, కథలో మనుషులూ లేరు. నోళ్ళు మూశారా? సరే.

ఒక వాచీల షాపు ఉంది. షాపంటే ఎంత? ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు ఊపిరి బయట వదిలేసి రావాలి, అంత. ముందు గాజు బల్ల, బల్ల వెనక కుర్చీ, కుర్చీ వెనక పచ్చ తెర, తెర వెనక ఇల్లు. ఆ కుర్చీలో మామ కూర్చుంటాడు. ఆయన చెవి అలాంటిలాంటి చెవి కాదు. వీధి మలుపులో పోయేవాడి జేబులో వాచీ వెనకబడుతోందో ముందుకి ఉరుకుతోందో కూర్చున్నచోటే చెప్పేసేవాడు. ఒకసారి ఒక పెద్దమనిషి వాచీ ఆగిందని తెస్తే, చెవి దగ్గర పెట్టుకుని, "వాచీ బాగానే ఉందండీ, మీ గుండే తడబడుతోంది" అన్నాడు. డాక్టరు దగ్గరికి పరిగెడితే అదే మాట. అబద్ధమైతే ఆ డాక్టర్నే అడగండి, ఇంకా బతికుంటే.

మామకి చెవి ఇప్పటికీ ఉంది. చేతులే పోయాయి. అంటే ఉన్నాయి, వణుకుతాయి. టీ గ్లాసు పట్టుకుంటే పంచదార దానంతటదే కరిగిపోతుంది, చెంచా అక్కర్లేదు.

మామ పక్కన స్టూలు మీద కొడుకు. వాచీలకి పట్టీలు మార్చడం, బ్యాటరీలు వేయడం, మాట్లాడడం ఆయన పనులు. మొదటి రెండూ మధ్యమధ్యలో చేస్తాడు. బయట మెట్టు మీద గొడుగులు బాగుచేసే మనిషి ఒకాయన, నీడ అక్కడే ఉంది కాబట్టి. గొడుగాయన అంటారు. వాచీల గురించి ఆయనకి బొత్తిగా తెలీదు, ఆయన చేతికి వాచీ కూడా లేదు. కానీ వచ్చిపోయే ప్రతి వాచీ మీదా ఆయనకొక అభిప్రాయం ఉంది.

ఇక తెర వెనక కోడలు. "పెద్దాయన చెయ్యి పడితే చచ్చిన వాచీ లేచి కూర్చుంటుంది" అని అందరూ చెప్పుకునే ఆ చెయ్యి ఉందే, అది ఆ అమ్మాయి చెయ్యి. అందులోనూ ఎడమది. పుర్రచెయ్యి. చెట్టు పేరు చెప్పి కాయలమ్మడం విన్నారు కదా, ఇక్కడ చెట్టు ముందు గదిలో, కాయలు వంటింట్లో.

ఆ మధ్యాహ్నం బజారు మొదట్లో పెద్ద వాచీల షాపు షావుకారు వచ్చాడు. మనిషి వాకిట్లోకి రాగానే షాపులో చీకటి పడింది, అంత నిండైన మనిషి. రుమాలు విప్పి ఒక పాత వాచీ గాజు బల్ల మీద పెట్టాడు.

"మా నాన్నది, పెద్దాయనా. మా పనివాడు దీని ప్రాణం తీశాడు."

మామ మూత తీసి, గుండ్రటి భూతద్దం కంటికి అదుముకున్నాడు. వాచీ లోపల అటూ ఇటూ ఊగే చిన్న చక్రం ఉంటుంది. దాని మధ్యలో చుట్టలు చుట్టలుగా ఉంటుంది ఆ తీగ. విచ్చుకుంటుంది, ముడుచుకుంటుంది, మళ్ళీ విచ్చుకుంటుంది. వాచీకి ఊపిరి అదే. బజార్లో హెయిర్‌స్ప్రింగు అంటారు, ఈ ఇంట్లో చుట్టతీగ అంటారు. దోమ ఆవులిస్తే ఎగిరి పక్కింట్లో పడుతుంది. ఒకసారి అలాగే ఎక్కడో పడితే మామ ఇల్లంతా తడిగుడ్డతో తుడిచి, గుడ్డ పిండిన నీళ్ళన్నీ వడగట్టి, ఆఖరి బకెట్లో పట్టుకున్నాడు. అలాంటి తీగ ఈ వాచీలో పిల్లి ఆడుకున్న ఊలు ఉండలా ఉంది. చుట్ట మీద చుట్ట ఎక్కి, కొస మెలి తిరిగి.

"కొత్తది వేద్దామంటే దీన్ని చేసిన కంపెనీయే మూతపడిందిట," అన్నాడు షావుకారు.

"కొత్తదెందుకండీ, మేం లేమా?" అన్నాడు కొడుకు.

"అదే పెద్దాయనా, ఒక మాట. మా షాపు మేడ మీద రిపేరు గది కట్టించాను. ఒక గోడ గోడంతా కిటికీ. కిటికీ కింద బల్ల, బల్ల ముందు తిరిగే కుర్చీ. అందులో ఇంకా ఎవర్నీ కూర్చోబెట్టలేదు. దీన్ని ఏ చెయ్యి బాగుచేస్తే ఆ చేతికే ఆ కుర్చీ. నా మాటంటే మాటే."

తెర వెనక కూర కలుపుతున్న గరిటె ఆగిపోయింది. కోడలికి షాపు మాట వినపడలేదు, మేడ వినపడలేదు. గోడంత కిటికీ అన్నది ఒక్కటే వినపడింది. కూర అడుగంటింది.

*

వంటింటి కప్పులో ఒకే ఒక్క గాజు పెంకు ఉంది. దాంట్లోంచి మడతపెట్టిన తువ్వాలంత వెలుతురు నేల మీద పడుతుంది. పొద్దున పొయ్యి పక్కన, ఎండెక్కాక బిందెల దగ్గర, మధ్యాహ్నం గుమ్మంలో, సాయంత్రానికి గోడ ఎక్కి పోతుంది. అది జరిగిన కొద్దీ ఆమె పీట జరుగుతుంది, పీట ముందు చెక్కపలక జరుగుతుంది. పొద్దుతిరుగుడు పువ్వుకైనా ఒకచోట వేరుంటుంది, ఈమెకి అదీ లేదు.

మర్నాడు పొయ్యి పని ముగించి, చేతులు రెండుసార్లు కడుక్కుని, కొంగు బిగించి, పలక మీద తెల్లకాగితం పరిచింది. చుట్టతీగని చక్రం నుంచి విడదీసి పెట్రోలు గిన్నెలో ముంచి తీసింది. ఊపిరి బిగబట్టి భూతద్దం పెట్టుకుంది.

బయటికి కనిపించే పెద్ద వంకర మీద పడితే కొంప మునిగినట్టే. ఆ వంకర పాపం ఏ తప్పూ చెయ్యలేదు. లోపలెక్కడో జరిగిన తప్పుకి అది బయట నిలబడి అరుస్తోంది. నడిబొడ్డున మొదలుపెట్టి, చుట్ట వెంట చుట్ట కంటితో నడుచుకుంటూ రావాలి. మొదటిసారి ఎక్కడ దారి తప్పిందో అక్కడ ఆగాలి. కుడిచేతి ట్వీజరుతో అక్కడ పట్టుకుని, ఎడమచేతి ట్వీజరు మొనతో నెట్టాలి. నెట్టడం కూడా ఎక్కువే. నెడదామా అనుకోవాలి, అంతే. ఒకేచోట రెండుసార్లు వంచితే విరుగుతుంది.

ముందు సూదిమొన చుట్టల సందులో పెట్టి, సందు వెంటే తిప్పుకుంటూ వచ్చింది. ఎక్కిన చుట్ట దిగింది. మామ తెర ఎత్తి వచ్చి వెనక నిలబడ్డాడు. వణికే చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మెల్లగా... మెల్లగా... అదీ... నీ పుర్రచెయ్యి పాడుగాను, ఎంత వాటంగా పోతోందో!"

తిట్టో మెప్పో ఆయనకే తెలీదు. ఆమె జవాబు చెప్పలేదు. జవాబు చెప్తే ఊపిరి తగులుతుంది.

మధ్యలో వెలుతురు జరిగింది. పలకని గోరంత గోరంత జరుపుతూ దాని వెంట వెళ్ళింది. కుండలో నీళ్ళు మరిగి మూత ఎగిరింది, అటు చూడలేదు. వెలుతురు బిందెల దగ్గరికి వచ్చేసరికి మెలి విడిపోయింది. తీగని పక్కనుంచి చూసింది, చదునుగా ఉంది. పైనుంచి చూసింది, చుట్టకీ చుట్టకీ మధ్య సందు ఒకేలా ఉంది. నీళ్ళలో రాయి వేస్తే లేచే అలల్లా.

చక్రానికి బిగించి వాచీలో పెట్టగానే అది ఊపిరి పీల్చుకుంది. మామ చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఊఁ," అన్నాడు. తర్వాత, "ఆకలేస్తోంది" అన్నాడు.

ఆమె లేచి భోజనాలు వడ్డించింది. పొద్దుటి నుంచీ పనిలో ఉన్న ఎడమచేతికే గరిటె వచ్చింది.

"ఏ చెయ్యది?" అన్నాడు మామ. "ఎన్నిసార్లు చెప్పాలి? తీగకి తప్ప ఆ చెయ్యి బయట పెట్టొద్దన్నానా? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

చూసేవాళ్ళెవరూ లేరు. ఆమె గరిటె మార్చుకుంది.

కొడుకు తింటూ, "ఇంక ఆ కుర్చీ మనదే," అన్నాడు.

"ఏమండీ, ఏ చెయ్యి బాగుచేస్తే ఆ చేతికే అన్నారు కదా ఆయన."

"అన్నాడు. అయితే? నీ చెయ్యీ నా చెయ్యీ వేరా? పెళ్ళిలో పట్టుకున్నప్పుడే రెండూ ఒకటైపోయాయి."

"మీరు పట్టుకున్నది కుడిచెయ్యండీ," అంది కోడలు.

*

షావుకారు వాచీ చూసి మురిసిపోయాడు. మురిసినవాడు ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. మూత తీయించాడు. తండ్రి దగ్గర కూర్చుని నేర్చుకున్న పని కొంచెం ఉంది ఆయనకి. భూతద్దం పెట్టుకుని తీగని ఇటు చూశాడు, అటు చూశాడు.

"అబ్బ! ఇది ఎడమచేతి పని."

కొడుకు చేతిలోని పట్టీ గబుక్కున బల్ల కింద పెట్టేశాడు.

"కుడిచేతివాళ్ళు తీగని బయటినుంచి నెడతారు. మొన తగిలిన మెరుపు బయటివైపు పడుతుంది. ఇక్కడ లోపలివైపుంది. మా నాన్న దగ్గర ఇలాంటి పనివాడొకడుండేవాడు, అలాంటి చెయ్యి మళ్ళీ చూడలేదు. పెద్దాయనా, మీది కుడిచెయ్యి కదా?"

మామ తెర వైపు చూశాడు. నోరు తెరిచాడు కూడా. తెర వెనక కోడలు తలుపు చెక్క పట్టుకుని నిలబడింది, ఎడమచేత్తోనే. ఒక్క మాట చాలు. ఆ మాటకి మామ నోట్లో చోటు ఉంది, నాలుక ఉంది, అన్నీ ఉన్నాయి.

ఇంతలో కొడుకు బళ్ళో పిల్లాడిలా ఎడమచెయ్యి పైకెత్తాడు.

"నాదండీ! నాది ఎడమచేతి వాటం."

చూశారా, తెర వెనక ఉన్నంతకాలం అది పుర్రచెయ్యి. తెర ముందుకి రాగానే ఎడమచేతి వాటం అయిపోయింది.

మామ నోరు మూసుకున్నాడు. కొడుకు వీపు తట్టాడు షావుకారు. టీ వచ్చింది. కొడుకు కంగారులో ఎడమచేత్తో అందుకున్నాడు, సగం తన చొక్కాకి పోశాడు, మిగతా సగం నవ్వుతూ తాగాడు.

"ఎల్లుండి వస్తా," అన్నాడు షావుకారు. "మా పనివాడు ఇంకో వాచీని కూడా చంపాడు. అది నా కళ్ళముందు బాగుచెయ్యి. పని చూడ్డమంటే నాకు ప్రాణం. చేశావంటే ఆ సాయంత్రమే వచ్చి కుర్చీలో కూర్చో."

*

ఆ రెండ్రోజులూ వీధికి తమాషా. కొడుకు ఎడమచేత్తో తల దువ్వుకున్నాడు, పాపిడి చెవి దాకా వెళ్ళిపోయింది. ఎడమచేత్తో తాళం తీయబోయి తాళంచెవి విరగ్గొట్టాడు. ఎడమచేత్తో గెడ్డం గీసుకుని, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడిలా షాపు తెరిచాడు. ఒక పిల్లిని పిలవబోయి ఎడమచెయ్యి ఊపితే, అది వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. ఒట్టు.

"ఎడమచేతి వాటం వాళ్ళకి గుండె కుడివైపుంటుంది," అని గొడుగాయన మెట్టు మీంచి అందరికీ చెప్పాడు. "అందుకే వాళ్ళ వాచీలు అంత బాగా నడుస్తాయి."

"మా తాతగారిది కూడా ఎడమచేతి వాటమేట," అన్నాడు మామ, వచ్చిన ప్రతివాళ్ళతో. "మా వంశంలో ఉందది."

ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకు ఎడమచేత్తో తిన్నాడు. ముద్ద నోటికి వెళ్ళబోయి చెంపకి వెళ్ళింది.

"తిను నాన్నా, తిను. అలవాటవుతుంది," అన్నాడు మామ. అంటూనే పక్కకి తిరిగి, "ఏయ్, మంచినీళ్ళు ఏ చేత్తో ఇస్తున్నావు?" అన్నాడు.

కోడలు గ్లాసు కుడిచేతిలోకి మార్చుకుంది. మార్చుకునేటప్పుడు ఒక చుక్క తొణికి ఆయన కాలి మీద పడింది. ఆమె చేతిలోంచి చుక్క తొణకడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. ఎవరూ గమనించలేదు కూడా.

మర్నాడు పాత తీగల డబ్బా తెచ్చి వెలుతురులో పెట్టి, మొగుణ్ణి పీట మీద కూర్చోబెట్టింది.

"మధ్యనుంచి రండి. బొడ్డు దగ్గర మొదలుపెట్టండి."

"వంకర బయటుంటే మధ్యలో ఏం చూడమంటావే?"

"కనిపించేది తర్వాత. ముందు ఎక్కడ మొదలైందో..."

"నాకు పాఠాలు చెప్పకు. చెయ్యి ఎలా పట్టుకోవాలో చూపించు చాలు. చూసేవాడికి చెయ్యే కదా కనపడేది."

ఆమె చూపించింది. వేళ్ళు ఎక్కడ పెట్టాలో, మోచెయ్యి దేనికి ఆనించాలో. ఆయన పెట్టుకున్నాడు. దూరం నుంచి చూస్తే అచ్చు పనివాడిలాగే ఉన్నాడు. తీగ మాత్రం చిటుక్కుమంది. ఇంకోటి తీశాడు. అదీ చిటుక్కుమంది. డబ్బా ఖాళీ అయ్యేసరికి వెలుతురు గుమ్మం దాటింది.

"ఏమండీ," అంది ఆమె, విరిగిన ముక్కల్ని కాగితంలోకి ఊడుస్తూ. "రేపు ఒక్క మాట చెప్పేయండి, ఇది నా పని అని. కుర్చీ ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు."

"ఏమని చెప్పను? పని మా ఆవిడది, నేను పట్టీలు మారుస్తాను అని చెప్పనా? వీధిలో తలెత్తుకు తిరగక్కర్లేదా నేను?"

"రేపు మీవల్ల కాకపోతే?"

"అవుతుంది. ఒక్కటి గట్టెక్కితే చాలు. తర్వాత రోజూ పని టిఫిను డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెస్తా. నువ్వు చేసి పంపుదువుగాని. పైన కుర్చీ నాది, కింద పని నీది. సంసారమంటే అదేగా."

వెలుతురు గోడ ఎక్కుతోంది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. అది కప్పు దాకా వెళ్ళి, సన్నబడి, పోయింది.

*

ఎల్లుండి రానే వచ్చింది. షావుకారు వచ్చాడు. ఆయన వెనక వీధి వచ్చింది. వాకిలి నిండిపోయింది, కిటికీ ఊచలకి మొహాలు వేలాడాయి. గొడుగాయన అందరికంటే ముందు నిలబడి, వెనకవాళ్ళకి లోపల ఏం జరుగుతోందో, ఏమీ జరక్కముందే చెప్తున్నాడు.

షావుకారు కాగితం పొట్లం విప్పాడు. చుట్టతీగ. పక్కకి పడుకుని, ఒక చుట్ట ఇంకో రెండిటి కింద దూరి, కొసలో ముడి. మామ కూడా భూతద్దం పెట్టి ఒకసారి చూశాడు.

"కానీ బాబూ."

"లోపల వెలుతురు బాగుంటుందండీ, తెర వెనక్కి తీసుకెళ్ళి..." అన్నాడు కొడుకు.

"నాకు కనిపించొద్దూ?"

కొడుకు తండ్రి కుర్చీలో కూర్చుని భూతద్దం పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి ముందుకి చాపి, మోచెయ్యి ఆనించి, ఆమె చూపించినట్టే ట్వీజరు పట్టుకున్నాడు. "ఆహా," అన్నాడు షావుకారు. తర్వాత ట్వీజరు తిన్నగా వెళ్ళి బయటి పెద్ద వంకరని పట్టుకుంది. తెర సందులోంచి చూస్తున్న కోడలి పెదాలు "మధ్యనుంచి" అని కదిలాయి. చప్పుడు రాలేదు.

పట్టుకున్నాడు. లాగాడు. చుట్టలన్నీ ఒక్కసారి లేచి ఒకదాంట్లో ఒకటి దూరాయి. ముడి కాస్తా గూడయిపోయింది.

"లైటు!" అన్నాడు కొడుకు. "ఈ లైటు ఒకటి, కళ్ళలో పడుతోంది." ఆడలేనమ్మ మద్దెల ఓడంటుంది, ఈయనకి లైటు దొరికింది. లైటు చాలక, "తెర వెనక నిలబడి ఊపిరి వదుల్తోందండీ మా ఆవిడ, ఆ గాలికి..." అన్నాడు.

"లోపలికి పో," అన్నాడు మామ, తెర వైపు తిరక్కుండానే.

తెర పక్కకి జరిగింది. కోడలు ముందుకి వచ్చింది. ఆ షాపులో ఆమె తెర ఇవతలికి రావడం అంతకుముందెవరూ చూడలేదు. గాజు బల్ల అంచున ఒక్క క్షణం ఆగింది. మొగుడి చేతిలోంచి ట్వీజరు తీసుకుంది. ఎడమచేత్తో.

"కొంచెం జరగండి," అంది.

ఏం చెప్పమంటారు? ఆయన జరిగాడు. ఆమె కూర్చుంది. సూదిమొన సందులో పెట్టి తిప్పుకుంటూ వచ్చింది. మొగుడు చేసిన గూడు ముందు విప్పింది. దాని కింద అసలు ముడి బయటపడింది. దాన్ని కాసేపు ఊరికే చూసింది, మొహం గుర్తుపెట్టుకుంటున్నట్టు. తర్వాత మధ్యనుంచి బయలుదేరింది. గుంపు కదల్లేదు. బయట సైకిళ్ళు ఆగాయి. వీధి చివర ఏడుస్తున్న పసివాడు కూడా ఆపి విన్నాడట, నిజంగానే. ఒక చుట్ట. ఇంకో చుట్ట. కొస. పక్కనుంచి చూసింది, పైనుంచి చూసింది, చెయ్యి తీసేసింది.

షావుకారు భూతద్దం లాక్కున్నాడు.

"అబ్బబ్బ! అదే చెయ్యి! లోపలివైపు మెరుపు!" మొహం ఇంతైంది ఆయనకి. గిర్రున కొడుకు వైపు తిరిగి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎంత బాగా నేర్పావయ్యా! ఇంట్లో ఆడమనిషికే ఇంత నేర్పినవాడివి, నా పనివాళ్ళకి ఎంత నేర్పుతావో! ఇవాళ చెయ్యి వణికితే వణికింది, పదిమందిలో ఎవరికైనా వణుకుతుంది. కుర్చీ నీదే!"

"నేర్పానండీ," అన్నాడు కొడుకు. "చాలా కష్టపడ్డాను."

గుంపు చప్పట్లు కొట్టింది. సొమ్మొకరిది, సోకొకరిది.

కోడలు కుర్చీలోంచి లేవలేదు. "షావుకారు గారూ," అంది. ఆ గొంతు వీధికి కొత్త. "ఏ చెయ్యి బాగుచేస్తే ఆ చేతికే అన్నారు. ఆ కుర్చీ నాకివ్వండి."

షావుకారు నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, అదే బాధ.

"నువ్వు కిటికీలో కూర్చుంటే జనం వాచీ చూపించడానికి రారమ్మా, నిన్ను చూడ్డానికి వస్తారు. ఆడమనిషి చేసిందంటే వాచీ ఇచ్చేవాడెవడు? నువ్వు ఇంట్లోనే చెయ్యి. మీ ఆయన తెస్తాడు, తీసుకెళ్తాడు."

"ఇంట్లో వెలుతురు లేదండి."

"అలవాటేగా నీకు."

ఆమె మామ వైపు చూసింది. మామ గాజు బల్ల లోపలి పట్టీల వైపు చూస్తున్నాడు.

అప్పుడామె మళ్ళీ భూతద్దం పెట్టుకుంది. ట్వీజరు అందుకుంది. ఇంకేదో సరిచేస్తోందనుకున్నారు అందరూ. తీగ కొసని పట్టుకుని వెనక్కి మడిచింది. ఒక చుట్టని ఎత్తి, రెండిటి కింద నుంచి పోనిచ్చింది. కొసలో ముడి వేసింది. విరక్కుండా, ముందు ముడి ఎక్కడుందో సరిగ్గా అక్కడే. కాగితం మొగుడి ముందుకి జరిపింది.

"నేర్పింది మీరేగా. చేయండి," అంది.

మామ వంగి, వణికే చేత్తో భూతద్దం అదుముకున్నాడు. చాలాసేపు తియ్యలేదు. ముడి విప్పడం ఒక పని. వచ్చిన ముడిని వచ్చినట్టే తిరిగి వెయ్యడం ఎవరి వల్లా కాదని ఆ షాపులో తెలిసింది ఆయనొక్కడికే.

"అదే ముడి," అన్నాడు, తనలో తను. "అచ్చు అదే."

"ఏం బాబూ," అన్నాడు షావుకారు. "చెయ్యి మరి."

కొడుకు చెమట తుడుచుకున్నాడు. గుంపుని చూశాడు. కంగారుగా చెయ్యి చాపి ట్వీజరు అందుకున్నాడు. అందుకున్నది కుడిచెయ్యి. వీధి మొత్తం ఆ చేతినే చూస్తోంది. ఆయనొక్కడే చూసుకోలేదు.

షావుకారు ఆ చేతిని చూశాడు, కోడలి చేతిని చూశాడు. ఏదో అనబోయి, గుంపుని చూసి మింగేశాడు. తీగని పొట్లం కట్టుకున్నాడు. "వస్తా పెద్దాయనా," అని వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలో తర్వాత ఆయన బావమరిది కూర్చున్నాడు. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని పేపరు చదువుకుంటాడు.

షాపులో మామ, కొడుకు, కోడలు మిగిలారు. మామ గాజు బల్ల కింద నుంచి ఇంకో వాచీ తీశాడు. దానికీ చుట్టతీగే చెడింది. ఏమీ జరగనట్టు, రోజూలాగే, చెయ్యి వెనక్కి చాపి తెర వైపు పట్టుకున్నాడు.

కోడలు కుర్చీలోంచి లేచి కుడిచేత్తో అందుకుంది. వినయంగా. కుడిచేత్తోనే తిరిగి ఆయన ముందు పెట్టింది.

"ఈ చేతికి ఆ పని రాదు మావయ్యా."

"ఆ చెయ్యి..." అన్నాడు మామ.

"ఆ చెయ్యి బయట పెట్టొద్దన్నారుగా. ఇక పెట్టను."

ఎడమచెయ్యి కొంగులో చుట్టుకుని లోపలికి వెళ్ళింది. పీట తీసి గోడకి ఆనించింది. తువ్వాలంత వెలుతురు ఖాళీ నేల మీద ఒక్కటే పడుంది.

వాకిట్లో జనం ఇంకా కదల్లేదు. వెనక ఉన్న ఒకాయన మెల్లగా, "మరి ఎడమచేతి వాటమన్నాడు కదా, కుడిచేత్తో తీశాడేంటి?" అన్నాడు.

గొడుగాయన విసుక్కుని వెనక్కి తిరిగాడు.

"ఆ మాత్రం తెలీదూ? ఎడమచెయ్యి పెళ్ళానికి అరువిచ్చాడయ్యా మహానుభావుడు! ఇంక ఆయన దగ్గర మిగిలింది కుడిదేగా!"